మతిమరుపు, డిమెన్షియా నిర్ధారణ: గోదావరి డెల్టా

జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, దారి పోల్చుకోవడం, మంచిచెడ్డలు నిర్ణయించుకోవడం వంటి మెదడు పనులు క్రమంగా సన్నగిల్లి, మనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోలేని స్థితికి చేరడాన్ని డిమెన్షియా అంటారు. ఇది ఒక్క జబ్బు పేరు కాదు, అనేక జబ్బుల్లో కనిపించే లక్షణాల సముదాయం. వాటిలో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. దీన్ని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ తొలిసారి వివరించాడు.

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా చెబుతోంది. పురుషులకన్నా స్త్రీలలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఇది ఎక్కువని కూడా అందులో తేలింది. ఉభయ గోదావరి జిల్లాల డెల్టా పల్లెల్లో పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడి, పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్లలో జబ్బును పసిగట్టడం ఆలస్యమవుతుంది.

వయసు మతిమరుపు, జబ్బు మతిమరుపు

కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం, తెలిసిన మనిషి పేరు సమయానికి నోటికి రాకపోవడం వయసుతో సహజం. కాసేపటికి అది గుర్తొస్తుంది, ఎవరైనా మొదటి అక్షరం అందిస్తే అందుకుంటారు. అల్జీమర్స్‌లో అలా కాదు, జరిగిన సంగతి అసలు మనసులో నిలవదు. పొద్దున్న వచ్చి భోంచేసి వెళ్లిన మేనల్లుడి గురించి సాయంత్రం ఎత్తితే, ‘వాడెప్పుడొచ్చాడు?’ అంటారు. ఎన్ని ఆనవాళ్లు చెప్పినా గుర్తు రాదు.

అదే మనిషి 1986 నాటి గోదావరి వరదను, 1996 నవంబరులో కోనసీమను ఊడ్చేసిన తుఫానును పూసగుచ్చినట్టు చెప్పవచ్చు. ఇది విని ఇంట్లోవాళ్లు జ్ఞాపకశక్తి దివ్యంగా ఉందనుకుంటారు. కొత్త సంగతులను పదిలపరిచే మెదడు భాగాలు ఈ జబ్బులో ముందుగా దెబ్బతింటాయి. పాత జ్ఞాపకాలు చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి పాత కథలు బాగా చెప్పినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు.

ఈ రెంటికీ మధ్య మరో దశ ఉంది. పరీక్షలో లోపం తెలుస్తుంది కాని, సొంత పనులు చేసుకోగలుగుతారు. దీన్ని స్వల్ప మేధాలోపం అంటారు. ఇది అందరిలోనూ డిమెన్షియాగా మారదు. కొందరిలో అలాగే నిలిచిపోతుంది, కొందరిలో తగ్గుతుంది కూడా. అయినా ఏటా వైద్యుడికి చూపించాలి.

ఇంట్లో కనిపించే గుర్తులు

మనిషిని ఇరుగుపొరుగుతో కాక, తన నిన్నటి తీరుతోనే పోల్చి చూడాలి. చేయి తిరిగిన పనిలో వచ్చే తడబాటు అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు. ఏటా ఆవకాయ పెట్టే ఇల్లాలికి ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు చేతి కొలతతోనే తెలుస్తాయి. ఒక ఏడు ఉప్పు ఎక్కువైతే అది పొరపాటు. ఉప్పు వేసి మళ్లీ వేయడం, నూనె పోశానా లేదా అని తచ్చాడడం, ముక్కలు కలిపే వరస తెలియక పని మధ్యలో లేచిపోవడం కనిపిస్తే మాత్రం ఆలోచించాల్సిందే. అలాగే సార్వా, దాళ్వా కౌలు బస్తాల లెక్క నోటితో చెప్పే రైతు, కౌలు ముట్టిన వారానికే మళ్లీ అడగడమో, ఎరువుల కొట్టు బాకీ రెండోసారి కట్టడమో చేస్తే దాన్ని పరాకు అని కొట్టిపారేయకూడదు.

అడిగిందే అడగడం, పుట్టి పెరిగిన ఊళ్లో కాలవగట్టు మీద దారి తప్పడం, పొయ్యి ఆర్పడం మరవడం, నగలు కోడలు తీసిందని లేనిపోని అనుమానం పడడం, మాట మధ్యలో మామూలు వస్తువు పేరు కూడా దొరకకపోవడం, స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ విముఖత మిగతా గుర్తులు. కొందరిలో మతిమరుపుకన్నా ముందే స్వభావం మారుతుంది. పెద్దమనిషి తరహాగా మెలిగినవారు నలుగురిలో మాట తూలడం, అడ్డూ అదుపూ లేకుండా ఖర్చు పెట్టడం ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో కనిపిస్తాయి. ఇది 65 ఏళ్లలోపు కూడా రావచ్చు. లేని మనుషులు కళ్లకు కట్టినట్టు కనిపించడం, నడక బిగుసుకుపోవడం, ఒకరోజు తెలివిగా మరోరోజు అయోమయంగా ఉండడం లూయీ బాడీ డిమెన్షియా లక్షణాలు. వీటిని గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లేవారున్నారు. ఈ రోగులకు హాలోపెరిడాల్ వంటి మందులు బొత్తిగా పడవు కాబట్టి సరైన నిర్ధారణ మరింత అవసరం.

రోజూ ఫోనులో మాట్లాడే పిల్లలకు తేడా తెలియకపోవచ్చు. ‘తిన్నారా, మందులు వేసుకున్నారా’ వంటి అలవాటు ప్రశ్నలకు అలవాటు జవాబులు వస్తూనే ఉంటాయి. సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు ఇంట్లో ఉన్నప్పుడు వాడని మందుల చీటీలు, కట్టని కరెంటు బిల్లులు, ఫ్రిజ్‌లో పాడైన కూరలు బయటపడతాయి.

సరిదిద్దదగిన కారణాలు

మతిమరుపుతో వచ్చే ప్రతివారికీ డిమెన్షియా ఉండదు. థైరాయిడ్ తగ్గడం, విటమిన్ బి12 లోపం, రక్తంలో సోడియం పడిపోవడం, దిగులు జబ్బు, అతిగా మద్యం తాగడం, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మందులు మనిషిని మసకబారేలా చేస్తాయి. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న నిద్రమాత్రలను ఏళ్ల తరబడి వాడేవారి సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. చెవుడు, శుక్లాలు కూడా మతిమరుపులా భ్రమింపజేస్తాయి. వినబడని మాట గుర్తుండే ప్రశ్నే లేదు.

నీచు పూర్తిగా మానేసిన పెద్దల్లో, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో బి12 లోపం వచ్చే అవకాశం ఎక్కువ. ఈ విషయంలో డెల్టాకు ఒక చారిత్రక సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఇస్తే రక్తహీనత మెరుగుపడుతుంది కాని నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. అందుకే బలానికి మాత్రలు మొదలుపెట్టే ముందే బి12 పరీక్ష చేయించడం మేలు.

బాత్రూంలో జారిపడ్డ తర్వాత కొన్ని వారాలకు మందకొడితనం వస్తే, మెదడు పైపొరల మధ్య రక్తం చేరి ఉండవచ్చు. సీటీ స్కాన్‌లో అది కనిపిస్తుంది, శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. మతిమరుపుతో పాటు కాళ్లు నేలకు అంటుకుపోయినట్టు నడవడం, మూత్రం ఆగకపోవడం కలిస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. ఇది కూడా కొందరిలో చికిత్సకు లొంగుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

గంటల్లో, రోజుల్లో వచ్చిన అయోమయం డిమెన్షియా కాదు, అత్యవసర స్థితి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు పడిపోవడం, రోహిణి కార్తె ఎండల్లో ఒంట్లో నీరు తగ్గడం దీనికి సాధారణ కారణాలు. మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతానికి గుర్తులు. ఇలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతున్న మతిమరుపు సొంత పనులకు, డబ్బు లెక్కలకు, మందులకు, వంటకు అడ్డొస్తుంటే కొద్ది వారాల్లోపే చూపించాలి. తేడా కనబడుతున్నది ఇంట్లోవాళ్లకే, రోగి మాత్రం తనకేమీ లేదంటున్నా ఆగకూడదు. అల్జీమర్స్‌లో తన లోపం తనకు తెలియకపోవడం మామూలే. దానికి భిన్నంగా, నాకేమీ గుర్తుండడం లేదని మనిషే పదేపదే వాపోతుంటే దిగులు జబ్బు ఉందేమో కూడా చూస్తారు.

పరీక్ష జరిగే తీరు

ముందు దగ్గరలోని జనరల్ ఫిజీషియన్‌ను కలవవచ్చు. ఆపైన న్యూరాలజిస్టు, మానసిక వైద్యుడు చూస్తారు. ప్రభుత్వ రంగంలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల అనుబంధ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి, హైదరాబాదు నిమ్స్ ఈ ప్రాంతంవారు వెళ్లే పెద్దాసుపత్రులు. రోగితో పాటు రోజూ దగ్గరుండే మనిషి వెళ్లాలి. వాడుతున్న మందులన్నీ, నాటువైద్యుడు ఇచ్చినవి సహా, సంచిలో వేసుకుని వెళ్లాలి. మార్పు ఎప్పుడు మొదలైందో, ఏయే పనుల్లో కనబడిందో కాగితం మీద రాసుకోవడం మంచిది.

వైద్యుడు మూడు మాటలు చెప్పి కాసేపాగి అడగడం, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూడడం, బొమ్మ గీయించడం వంటివి చేస్తారు. చదువుకోని పెద్దవారికి గడియారం బొమ్మ గీయడం, నూరు నుంచి ఏడేసి తీసివేయడం జబ్బు లేకపోయినా కష్టమే. ఇంగ్లీషు తారీఖు చెప్పలేని ముసలావిడ, ఏకాదశి వెళ్లి రెండ్రోజులైందని ఠక్కున చెప్పవచ్చు. అది సరైన జవాబే. ఇలాంటి తేడాలను లెక్కలోకి తీసుకుని భారత వైద్య పరిశోధన మండలి తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో పరీక్షల సంపుటిని రూపొందించింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులపై చేసిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువురానివారిలోనూ ఈ తేడా ఉందని అందులో తేలింది.

ఆపైన రక్తపరీక్షలు, సీటీ లేదా ఎంఆర్ఐ స్కాన్ చేస్తారు. అల్జీమర్స్‌ను ఒక్క స్కాన్‌తోనే తేల్చరు. ఇంటివారు చెప్పిన వివరం, మాటల పరీక్ష, స్కాన్ మూడూ కలిపి నిర్ణయిస్తారు.

చికిత్స, నివారణ

డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులు లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి, జబ్బును ఆపవు. లెకానెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవి తొలిదశ అల్జీమర్స్ క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉన్నందున పదేపదే స్కాన్లు తీయాలి.

రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియాలో బీపీ, షుగరు, కొలెస్టరాల్ అదుపు ముఖ్యం. సవరించదగిన 14 కారణాలను జీవితమంతా అదుపు చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొంది. చుట్ట, సిగరెట్టు, మద్యం, చెవుడు, చూపు తగ్గడం, కదలిక లేకపోవడం, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి.

ఇంటి ఏర్పాట్లు, చట్టం

తొలిదశలో తేలితే ఆస్తి, బ్యాంకు, వైద్యం విషయాల్లో రోగి తన ఇష్టాన్ని తానే చెప్పగలడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ముందస్తు ఆదేశం రాసుకునే, తన తరఫు ప్రతినిధిని ఎంచుకునే వీలు ఇస్తుంది. తనను చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చినా చూసుకోకపోతే, ఆ బదలాయింపును రద్దు చేయించుకునే దారి 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో ఉంది. జబ్బు ముదిరాక పెట్టించిన సంతకాలు కోర్టుల్లో వివాదమవుతాయి.

ఇంటి చుట్టూ కాలవలు, చెరువులు ఉండే ఊళ్లలో గేటుకు గడియ పెట్టడం, జేబులో ఫోను నంబరు చీటీ ఉంచడం అవసరం. 2015 జూలైలో జరిగినట్టే 2027లో గోదావరి పుష్కరాల జనసందోహం రానుంది. రేవుల్లో ఇలాంటి పెద్దలను చేయి వదలకుండా పట్టుకునే మనిషిని ముందే అనుకోవాలి. తప్పిపోతే వెంటనే 112కు తెలపాలి. వయోవృద్ధుల సహాయానికి 14567, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416 ఉచిత నంబర్లు. రోగిని చూసుకునేవారు అలసి, నిద్రలేక, దిగులుతో కుంగిపోతున్నా రెండో నంబరుకు ఫోన్ చేయవచ్చు.