సూరత్ ఓడ పలక, మన ఇంటి తలుపు

వానలు మొదలైన పది రోజులకే ఇంట్లో ఏదో ఒక తలుపు మొరాయించడం మీరు గమనించే ఉంటారు. వేసవిలో చిటికెన వేలితో తోస్తే మూసుకునే తలుపు, ఆషాఢంలో భుజం ఆనించి నెట్టినా గడియ దాకా రాదు. కొంచెం చిత్రిక పడితే సరిపోతుందని అందరూ అంటారు. అయితే ఎక్కడ పట్టాలి? ఎంత పట్టాలి? తొందరపడి అంచంతా తోసేస్తే సంక్రాంతి నాటికి ఆ సందులోంచి చలిగాలీ, దోమలూ లోపలికి వస్తాయి.

ఈ చిక్కుకు సూరత్ వడ్రంగులు రెండున్నర శతాబ్దాల కిందటే ఒక చక్కని ఉపాయం వాడేవారు. తలుపుల కోసం కాదు, ఓడల కోసం.

సూరత్ అనగానే మనకు చీరలూ, వజ్రాలూ గుర్తుకొస్తాయి. అక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలుగు పద్మశాలీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి కనుక, మీలో కొందరికి అది బంధువుల ఊరు కూడా కావచ్చు. తాపీ నది ఒడ్డునున్న ఈ ఊరు మొగలుల కాలంలో దేశంలోకెల్లా గొప్ప రేవుల్లో ఒకటి. మక్కా యాత్రికులు ఓడలెక్కింది ఇక్కడే. జహంగీరు కాలంలో ఇంగ్లీషువాళ్లూ, డచ్చివాళ్లూ వర్తక స్థావరాలు పెట్టుకున్నదీ ఇక్కడే. ఇన్ని ఓడలు వచ్చిపోయే చోట ఓడలు కట్టేవాళ్లూ, బాగుచేసేవాళ్లూ లేకుండా ఎలా ఉంటారు?

డచ్చి నావికుడు యోహాన్ స్ప్లింటర్ స్టావొరీనస్ 1774-78 మధ్య చేసిన తన రెండో తూర్పు ప్రయాణంలో సూరత్ వచ్చాడు. ఓడలతోనే బతికిన మనిషి కనుక ఓడ వడ్రంగుల పనిని దగ్గరగా చూసి వివరంగా రాసిపెట్టాడు. ఆ వర్ణనే లేకపోతే ఈ ఉపాయం మనదాకా వచ్చేది కాదేమో. ఆ పని చేసిన వడ్రంగుల్లో ఒక్కరి పేరూ ఆయన రాతలో లేదు. మన చేతిపనుల చరిత్రలో ఇది మామూలే!

ఆ రోజుల్లో ఐరోపాలో ఓడ పలకల అంచులను చదునుగా కోసి, పక్కపక్కన పేర్చి, మధ్య సందులో పాత తాళ్ల పీచును కూరి తారు పూసేవారు. సూరత్ వడ్రంగులు అలా చేయలేదు. ఒక పలక అంచు మరొక పలక అంచులో ఒదిగేలా మెట్టు కోసేవారు. తరువాతి పనే అసలు విశేషం. ముందుగా ఒక పలక అంచుకు సిందూరం పూస్తారు. రెండో పలకను దానిమీద పెట్టి గట్టిగా నొక్కి, తీసి చూస్తారు. ఎత్తుగా ఉన్నచోట్ల సిందూరం అంటుకుంటుంది. పల్లంగా ఉన్నచోట్ల అంటదు. అంటిన చోట మాత్రమే చెక్కుతారు. మళ్లీ సిందూరం, మళ్లీ నొక్కడం, మళ్లీ చెక్కడం. అంచంతా ఒకే రీతిగా ఎర్రబడేదాకా ఇదే వరస. ఆఖరున రెండు అంచులకూ జిగురు రాసి, పలచగా దూది పరచి, చీలలతో బిగించేవారు. ఆ జిగురు కాలం గడిచేకొద్దీ ఇనుములా గట్టిపడేదనీ, అతుకు కంటికి ఆనేది కాదనీ స్టావొరీనస్ రాశాడు.

ఇందులోని సైన్సు ఏమిటో చూద్దాం. రెండు గట్టి వస్తువులను ఆనిస్తే అవి అంతటా తాకవు, ఎత్తైన బిందువుల దగ్గర మాత్రమే తాకుతాయి. మిగతా చోట్ల ఉండే సందు వెంట్రుక మందం కూడా ఉండకపోవచ్చు. కంటికి కనబడదు, సామాన్యమైన కొలబద్దకు అందదు. సిందూరం పొర ఆ చిన్న తేడాను ఎర్రమచ్చగా మార్చి చూపిస్తుంది. అంటే అంకెలు లేని కొలత అన్నమాట. ఎన్ని మిల్లీమీటర్లు అన్న ప్రశ్నే రాదు. ఎక్కడ తీయాలో మాత్రం తెలుస్తుంది. వడ్రంగికి కావలసిందీ అదే.

ఈ నేర్పుకు టేకు కూడా తోడయింది. పచ్చి కర్ర పూర్తిగా ఆరితే, వలయాల వెంబడి టేకు సుమారు 6 శాతం కుంచించుకుపోతుంది. ఇంగ్లీషువాళ్ల ఓడల్లో వాడిన ఓక్ అంతకంటే ఎక్కువగానే కుంచించుకుపోతుంది. ఒద్దికగా కుదిర్చిన అతుకు ఏ కర్రలో ఎక్కువ కాలం నిలుస్తుందో మీరే చెప్పగలరు. పైగా ఓక్‌లోని టానిన్ ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. మన గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి కూడా ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందినదే. 1839 తుపాను ఆ రేవును ముంచేసింది.

సూరత్ నేర్పు మాత్రం ఊరు మారి బతికింది. 1736లో ఈస్టిండియా కంపెనీ లవ్‌జీ నసర్వాన్‌జీ వాడియా అనే పార్సీ వడ్రంగిని సూరత్ నుంచి బొంబాయికి రప్పించింది. ఆయన వంశంవారు అక్కడ కట్టిన ఓడల్లో ‘కార్న్‌వాలిస్’ ఒకటి. 1842లో చైనా, బ్రిటన్‌ల మధ్య నాన్‌కింగ్ సంధి జరిగింది దానిమీదనే. 1817లో బొంబాయిలో నీళ్లలోకి దిగిన టేకు ఓడ ‘ట్రింకోమలీ’ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ తేలుతూనే ఉంది.

ఇప్పుడు కథ ఇంగ్లండుకు మారుతుంది. 1840లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు, లోహపు పలకలను అత్యంత చదునుగా తయారుచేయడం ఎలాగో గ్లాస్గోలో జరిగిన ఒక శాస్త్ర సభలో వివరించాడు. ఒక పలకకు రంగు పూయాలి, రెండోదాన్ని దానిమీద ఆనించి జరపాలి, రంగంటిన చోట గీకాలి. వినగానే సూరత్ గుర్తుకు రావడం లేదూ? విట్‌వర్త్ దీన్ని మన వడ్రంగుల దగ్గర నేర్చాడనడానికి ఆధారమేమీ లేదు, అలా అనుకోవలసిన అవసరమూ లేదు. ఒకే చిక్కు ఎదురైనప్పుడు తెలివైన చేతులకు ఒకే ఉపాయం తట్టడం వింతేమీ కాదు.

కాని ఒక తేడా ఉంది. ఆలోచించి చూడండి. రెండు పలకలు ఒకదానికొకటి చక్కగా కుదిరినంత మాత్రాన అవి చదునైనవేనా? కాదు. ఒకటి గిన్నెలా గుంటపడి, రెండోది అదే వంపుతో ఉబ్బి ఉన్నా అంతటా తాకుతాయి. రంగు పరీక్షలో రెండూ నెగ్గుతాయి! అందుకే మూడు పలకలు కావాలి. మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది మొదటిదానికి కుదరాలి. ఉబ్బిన పలకలు రెండింటిని ఒకదానిమీద ఒకటి పెడితే నడుమ మాత్రమే తాకుతాయి కనుక దొంగ దొరికిపోతాడు. మూడూ పరస్పరం కుదిరాయంటే మూడూ చదునైనవే. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే పనిశాలలో ఈ మూడు పలకల పద్ధతి వాడేవారు. విట్‌వర్త్ అక్కడ పనిచేసినవాడే.

సూరత్ వడ్రంగికి మూడో పలక అక్కరలేదు. ఫలానా పలక, దాని పక్క పలక కుదిరితే చాలు. ఓడ ఒడలు ఎలాగూ వంపే. విట్‌వర్త్ అవసరం వేరు. ఎక్కడో తయారైన భాగం, దాన్ని ఎన్నడూ చూడని మరో భాగానికి కుదరాలి. 1841లో ఆయన స్క్రూ మరల కోణం 55 డిగ్రీలు ఉండాలనీ, ఒక్కొక్క సైజుకు అంగుళానికి ఇన్ని మరలుండాలనీ ప్రతిపాదించాడు. నేడు మీరు ఏ కొట్టులో కొన్న బోల్టుకైనా మరో కొట్టులో కొన్న అదే సైజు నట్టు పడుతోందంటే, ఆ దారిలో వచ్చిన ప్రమాణాల వల్లనే. 1895లో జర్మనీలోని ఫైన్ కంపెనీ చేసిన విద్యుత్ చేతి డ్రిల్లు, 1917లో బ్లాక్ అండ్ డెకర్ పేటెంటు పొందిన పిస్తోలు పిడి డ్రిల్లు, ఇప్పటి బ్యాటరీ డ్రిల్లులు అన్నీ ఈ రెండో వంశానికి చెందినవే. ఇవాళ ఇంటి పనులు సొంతంగా చేసుకుందామనే ఉత్సాహం ఇంతమందిలో పెరగడానికి కారణం కూడా అదే.

అయితే తాతగారు కట్టించిన ఇంటి గుమ్మానికి ఈ ప్రమాణాలేవీ తెలియవు. ఏళ్ల తరబడి ఒరిగి, వంగి అది తనదైన ఆకారం తెచ్చుకుంది. రెడీమేడ్ తలుపు దానికి పట్టదు. ఖరీదైన పవర్ చిత్రిక కొన్నా, ఎక్కడ తోయాలో అది చెప్పదు. అక్కడ సూరత్ పద్ధతే గతి. పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది.

మొదట బందులు చూడండి. పై బందు స్క్రూలు వదులైతే తలుపు కిందికి వాలి రాసుకుంటుంది. బిగిస్తే పని అయిపోవచ్చు. అప్పుడూ పట్టేస్తుంటే గుమ్మం లోపలి అంచుకు రంగు సుద్ద దట్టంగా రాయండి. సిందూరం మాత్రం వద్దు. అది సీసపు ఆక్సైడు, విషం. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదని 2016లో నియమాలు చేసిందీ అందుకే. తలుపును మెల్లగా మూసి తెరవండి. సుద్ద అంటిన చోటే, పొర వెంబడి, ఒకటి రెండు తోపులు మాత్రమే చిత్రిక పట్టండి. అంటిన సుద్దను తుడిచి, గుమ్మానికి మళ్లీ రాసి చూడండి. మచ్చ చిన్నదైతే చిత్రిక పక్కన పెట్టి గరుకు కాగితం తీసుకోండి.

ఎప్పుడు ఆపాలి? చిన్న లెక్క వేద్దాం. తలుపు నిలువు కమ్మీలు రెండూ కలిపి వెడల్పు 20 సెం.మీ. అనుకోండి. వానాకాలంలో కర్రలో తేమ 10 నుంచి 16 శాతానికి పెరిగితే, టేకు కమ్మీలు రెండూ కలిపి 1 నుంచి 2 మి.మీ. దాకా ఉబ్బుతాయి. నడిమి పలకలు గాడిలో వదులుగా కూర్చుంటాయి కనుక వాటి ఉబ్బు బయటికి రాదు. అవి కదులుతున్నాయని జిగురు పెట్టారో, పలక పగులుతుంది. కనుక వానల్లో పని చేస్తుంటే తలుపు రాసుకోకుండా పడగానే ఆపేయండి. ఎండాకాలంలో చేస్తుంటే 2 మి.మీ. సందు ఉంచండి.

చిత్రిక పట్టిన చోట కర్ర నగ్నంగా ఉంటుంది కనుక, బాగా ఆరిన రోజు చూసి వార్నిష్ వేయండి. తలుపు పై కొన, కింది కొన కూడా మరవకండి. కర్ర నీటిని అన్నిటికంటే వేగంగా పీల్చేది అడ్డంగా కోసిన కొనల నుంచే. రంగులు వేసేవాళ్లు వదిలేసేవీ సాధారణంగా ఆ కొనలే. కింది కొన చూడాలంటే తలుపును బందుల నుంచి ఊడదీయాలి, దానికి మరో మనిషి సాయం కావాలి.