శివారు చెరువుకు కృష్ణ నీరు

దివిసీమకు రెండు పక్కలా కృష్ణ పాయలు, దక్షిణాన బంగాళాఖాతం. చుట్టూ ఇంత నీరున్నా బిందె నిండాలంటే ఊరి చెరువులోకి కాలువ నీరు రావలసిందే. పోటుకు పాయలు ఉప్పగిల్లుతాయి. బోరు వేసినా చాలాచోట్ల ఉప్పునీరే. బందరు, గుడివాడ ప్రాంతపు శివారు గ్రామాల సంగతీ ఇంచుమించు ఇంతే. పచ్చని డెల్టాలో కరువేమిటని మెట్ట ప్రాంతపు మిత్రులు నవ్వుతుంటారు. కాలువల మీద ఉద్యోగం చేసినవారు మాత్రం నవ్వరు.

1832-33లో నందన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు ప్రాంతంలోనే అయిదు లక్షల జనాభాలో దాదాపు రెండు లక్షలమంది చనిపోయారని అంచనా. కృష్ణ మాత్రం పక్కనే పారి సముద్రంలో కలుస్తూనే ఉంది. ఆర్థర్ కాటన్ పట్టుదల వల్ల, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. 1952లో అది తెగింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి లేచింది.

ఆనకట్టతో కాలువలు వచ్చాయి గాని చివరి ఎకరానికి నీరు చేర్చడం వేరే విద్య. దివిసీమకైతే కాలువ నది పాయనే దాటాలి. అందుకే పులిగడ్డ దగ్గర అక్విడక్టు కట్టారు. కింద పాయ, పైన కాలువ! ఆ దారి దాటాకే అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు నీరు సాగాలి. ఎగువ తూము దగ్గర ఎవరైనా రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేస్తే శివారులో తెల్లవారేసరికి కాలువ అడుగు కనిపిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపాలి. అదే సమయంలో రెండో పంటకు ఆఖరి తడి కావాలని రైతులు నిలదీస్తారు. పొలమూ వారిదే, చెరువూ వారిదే. మధ్యలో తిట్లు తినేది లస్కరు. (ఆ తిట్లు మనలో కొందరికి ఇంకా గుర్తే.)

1977 నవంబరు 19 ఉప్పెన వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. బతికినవారికి తాగే చెరువు కూడా మిగలలేదు. అందులో సముద్రం చేరింది. ఆ తరువాతి కాలంలో రొయ్యల చెరువులు వచ్చి ఉప్పునీటిని పొలాల మధ్యకే తెచ్చాయి. ఇది మనం చేజేతులా చేసుకున్నదే.

బచావత్ ట్రిబ్యునల్ డెల్టాకు 181.2 టి.ఎం.సి.లు లెక్కగట్టింది. కాగితం మీది నీరు కాలువలో పారాలంటే పైన వాన పడాలి కదా! 2002, 2003లలో సాగర్ నిండక డెల్టాలో నాట్లు వెనకబడ్డాయి. 2013లో పులిచింతల ప్రారంభమైంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు పోలవరం కుడి కాలువలో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసింది. పులిగడ్డ అక్విడక్టు మీదుగా ఇప్పుడు దివిసీమ చెరువుకు చేరే నీటిలో ఆ గోదావరి వంతు కూడా ఉంటున్నది.