ఆల్ నైట్ లాంగ్ (జూనియర్ కింబ్రో ఆల్బం)

ఆల్ నైట్ లాంగ్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిస్సిస్సిప్పి రాష్ట్రానికి చెందిన బ్లూస్ గాయకుడు, గేయరచయిత, గిటారు వాద్యకారుడు అయిన జూనియర్ కింబ్రో యొక్క మొదటి సోలో ఆల్బం. దీనిని ఫ్యాట్ పాసమ్ రికార్డ్స్ సంస్థ 1992లో విడుదల చేసినది. ప్రముఖ సంగీత విమర్శకుడు రాబర్ట్ పామర్ దీనికి నిర్మాత. అప్పటికి కింబ్రో అరవై ఏళ్ళు దాటినవాడు. అంతకు ముందు మూడు దశాబ్దాలకు పైగా తన ప్రాంతములో పాడుతూ వచ్చినప్పటికీ, ఇతని పేరున ఒక్క పూర్తి ఆల్బం కూడా వెలువడలేదు. ఉత్తర మిస్సిస్సిప్పి కొండ ప్రాంతపు బ్లూస్ సంగీతాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేసిన ముఖ్యమైన రికార్డులలో ఇది ఒకటి.

ప్రాంతము, సంగీత నేపథ్యము

మిస్సిస్సిప్పి బ్లూస్ అనగానే సాధారణంగా డెల్టా ప్రాంతము గుర్తుకు వస్తుంది. రాష్ట్రానికి వాయవ్య భాగాన ఉన్న ఈ చదునైన నల్లరేగడి మైదానము పెద్ద పెద్ద పత్తి తోటలకు ప్రసిద్ధి చెందినది. ఛార్లీ పాటన్, రాబర్ట్ జాన్సన్, మడ్డీ వాటర్స్ వంటి కళాకారులు ఈ ప్రాంతానికి సంబంధించినవారే. డెల్టాకు తూర్పున నేల ఎత్తుపల్లాలుగా మారుతుంది. మార్షల్, పనోలా, టేట్ మొదలైన కౌంటీలు గల ఈ భాగాన్ని కొండ ప్రాంతముగా వ్యవహరిస్తారు. హోలీ స్ప్రింగ్స్ పట్టణము మార్షల్ కౌంటీకి ముఖ్య పట్టణము.

ఇక్కడి సంగీతము డెల్టా సంగీతము కన్న భిన్నమైనది. వెదురుతో చేసిన పిల్లనగ్రోవిని, డోళ్ళను కలిపి వాయించే పాత సంప్రదాయము ఇక్కడ ఇరవయ్యవ శతాబ్దము చివరి వరకు నిలిచి ఉన్నది. సిడ్ హెంఫిల్, ఓథా టర్నర్ ఈ సంప్రదాయములో పేరు పొందినవారు. ఆ డోళ్ళ లయ ఈ ప్రాంతపు గిటారు వాదనములో కూడా వినవస్తుంది. జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ 1959లో కోమో పట్టణ పరిసరాలలో ఫ్రెడ్ మెక్‌డోవెల్ పాటలను రికార్డు చేసిన పిమ్మట ఈ శైలికి బయట కొంత గుర్తింపు కలిగినది. అయినను డెల్టా కళాకారులకు లభించిన ప్రచారము కొండ ప్రాంతపు కళాకారులకు చాలా కాలము లభించలేదు.

కళాకారుడు

జూనియర్ కింబ్రో అసలు పేరు డేవిడ్ కింబ్రో. ఇతడు 1930 జూలై 28న హోలీ స్ప్రింగ్స్ సమీపములోని హడ్సన్‌విల్‌లో జన్మించాడు. తండ్రి గిటారు వాయించేవాడు. చిన్నతనములో తండ్రి గిటారు మీదనే ఇతని సాధన మొదలైనది. 1950వ దశకము చివరి నాటికి ఇతడు తనదైన శైలిని ఏర్పరచుకున్నాడు. తరువాతి కాలములో రాకబిల్లీ గాయకునిగా పేరు పొందిన ఛార్లీ ఫెదర్స్ ఈ ప్రాంతమువాడే. శ్వేతజాతీయుడైన ఫెదర్స్ కింబ్రోను తన గురువులలో ఒకనిగా చెప్పుకున్నాడు. సంగీతమునకు ఆది, అంతము కింబ్రోయే అని ఫెదర్స్ చేసిన ప్రశంస కింబ్రో సమాధి ఫలకముపై చెక్కబడి ఉన్నది.

ఆల్బమునకు ముందు ప్రయత్నాలు

కింబ్రో స్టూడియోలో అడుగు పెట్టడము 1992లో మొదటిసారి కాదు. అయితే అంతకు ముందు జరిగిన ప్రయత్నాలేవీ ఆల్బం రూపము దాల్చలేదు.

* 1966: ఇతడు మెంఫిస్ నగరానికి వెళ్ళి గోల్డ్‌వాక్స్ రికార్డ్స్ యజమానులలో ఒకడైన క్వింటన్ క్లాంచ్ వద్ద కొన్ని పాటలు రికార్డు చేశాడు. గోల్డ్‌వాక్స్ సంస్థ జేమ్స్ కార్ వంటి సోల్ గాయకుల రికార్డులకు ప్రసిద్ధి. కింబ్రో పాటలు మరీ పల్లెటూరి ధోరణిలో ఉన్నవని భావించి క్లాంచ్ వాటిని విడుదల చేయలేదు. ఈ టేపులు నాలుగు దశాబ్దాలకు పైగా మరుగున పడి, చివరికి 2009లో "ఫస్ట్ రికార్డింగ్స్" అను పేరున వెలువడినవి.
* 1968: మెంఫిస్‌కు చెందిన ఫిల్‌వుడ్ అను చిన్న సంస్థ ఇతని మొదటి సింగిల్ రికార్డును విడుదల చేసినది. ఇందులో లోవెల్ ఫుల్సన్ పాట "ట్రాంప్"ను ఇతడు పాడాడు. రికార్డు మీద ఇతని పేరు "జూనియర్ కింబెల్" అని తప్పుగా ముద్రించబడినది.
* 1980వ దశకము ప్రారంభము: మెంఫిస్ విశ్వవిద్యాలయములో సంగీత ఆచార్యుడైన డేవిడ్ ఎవాన్స్ నిర్వహించిన హై వాటర్ సంస్థ మరొక సింగిల్ రికార్డును విడుదల చేసినది. ఈ సంస్థ కొరకు రికార్డు చేసిన మరికొన్ని పాటలు 1997లో మాత్రమే ఆల్బముగా వచ్చినవి.

సింగిల్ రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట పడుతుంది. కింబ్రో పాట అంత తక్కువ సమయములో ముగిసేది కాదు. జనము నృత్యము చేస్తున్నంత సేపు అది సాగుతూనే ఉండేది. ఇతని సంగీతము రికార్డులలో ఇమడక పోవడానికి గల కారణాలలో ఇది ఒకటి.

జ్యూక్ జాయింట్

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతీయుల గ్రామాలలో పాట, నృత్యము, మద్యపానము, జూదము మొదలైన వాటి కొరకు ఏర్పడిన చిన్న వినోదశాలలను జ్యూక్ జాయింట్లు అంటారు. పత్తి పొలాలలో వారమంతా పని చేసినవారు వారాంతములో ఇక్కడ చేరేవారు. కింబ్రో మొదట తన ఇంటి వద్దనే ఇటువంటి కూటములు నిర్వహించేవాడు. తరువాత హోలీ స్ప్రింగ్స్‌కు నైరుతి దిశలోని చులహోమా అను చిన్న ఊరిలో ఒక జ్యూక్ జాయింట్‌ను నడిపాడు. ఇది "జూనియర్స్ ప్లేస్" అను పేరున ప్రసిద్ధి చెందినది. ఈ కట్టడము పూర్వము చర్చిగా ఉండేదని చెబుతారు. ఆదివారము రాత్రులు ఇక్కడ జరిగే కూటములకు ఇరుగు పొరుగు గ్రామాలవారు వచ్చేవారు. ఇదే ప్రాంతానికి చెందిన ప్రముఖ గాయకుడు ఆర్.ఎల్. బర్న్‌సైడ్ కుటుంబము వారు కూడా ఇక్కడ వాయించేవారు.

రికార్డింగు

రాబర్ట్ పామర్ (1945-1997) చాలాకాలము న్యూయార్క్ టైమ్స్ పత్రికలో సంగీత విమర్శకునిగా పనిచేశాడు (ఇదే పేరుగల ఆంగ్ల గాయకుడు వేరు). 1981లో వెలువడిన ఇతని "డీప్ బ్లూస్" గ్రంథము మిస్సిస్సిప్పి బ్లూస్ చరిత్రకు ప్రామాణికమైన రచనగా పేరు పొందినది. ఇదే పేరున రాబర్ట్ మగీ దర్శకత్వములో 1991లో తయారైన డాక్యుమెంటరీ చిత్రములో పామర్ వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. కింబ్రో, బర్న్‌సైడ్, జెస్సీ మే హెంఫిల్ మొదలైనవారు ఈ చిత్రములో కనిపిస్తారు. దీనితో వారి పేర్లు మొదటిసారిగా దేశమంతటా కొందరికైనా తెలిసినవి.

ఇదే కాలములో మిస్సిస్సిప్పిలోని ఆక్స్‌ఫర్డ్ పట్టణములో మాథ్యూ జాన్సన్, పీటర్ రెడ్వర్స్-లీ కలిసి ఫ్యాట్ పాసమ్ రికార్డ్స్ సంస్థను స్థాపించారు. అప్పటివరకు సరియైన గుర్తింపు పొందని స్థానిక బ్లూస్ కళాకారుల పాటలను విడుదల చేయడము ఈ సంస్థ ఉద్దేశము. బర్న్‌సైడ్ తరువాత కింబ్రో ఈ సంస్థ తొలి కళాకారులలో ఒకడైనాడు.

ఈ ఆల్బం విషయములో పాత పద్ధతి తలక్రిందులైనది. గాయకుని నగరములోని స్టూడియోకు రప్పించుటకు బదులు, రికార్డింగు పరికరాలనే చులహోమాలోని జ్యూక్ జాయింట్‌కు తీసుకొని వెళ్ళారు. ఆ ప్రాంతమునకు అలవాటైన బృందమే వాయించినది. బృందములోని వారు:

* జూనియర్ కింబ్రో - గానము, గిటారు
* గ్యారీ బర్న్‌సైడ్ - బేస్ గిటారు (ఆర్.ఎల్. బర్న్‌సైడ్ కుమారుడు, అప్పటికి ఇంకా కౌమార దశలో ఉన్నాడు)
* కెంట్ "కిన్నీ" కింబ్రో - డ్రమ్స్ (జూనియర్ కింబ్రో కుమారుడు)

ఈ బృందమునకు "సోల్ బ్లూస్ బాయ్స్" అని పేరు. తండ్రి వద్ద పెరిగిన లయ కావున, గిటారు ఎప్పుడు మలుపు తిరుగుతుందో డ్రమ్స్ వాయించే కుమారునికి ముందుగా చెప్పవలసిన అవసరము లేదు. స్టూడియోలో అద్దెకు తెచ్చిన వాద్యకారులతో ఇది సాధ్యమయ్యేది కాదు.

శైలి

సాధారణమైన బ్లూస్ పాట పన్నెండు కొలతల ఆవృత్తములో నడుస్తుంది. అందులో మూడు స్వరమేళాలు (కార్డులు) నిర్ణీతమైన క్రమములో మారుతూ ఉంటాయి. వినేవానికి తరువాతి మార్పు ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది. కింబ్రో పాటలలో ఎక్కువ భాగము ఈ చట్రానికి లోబడవు. బొటనవేలు క్రింది స్థాయి తీగలను ఎడతెగకుండా మ్రోగిస్తూ ఉంటుంది. కర్ణాటక సంగీతములో తంబురా శ్రుతి వలె ఇది పాట అంతటికీ ఆధారముగా నిలుస్తుంది. అయితే తంబురాకు లయతో నిమిత్తము లేదు, కింబ్రో బొటనవేలు మాత్రము లయను కూడా నడిపిస్తుంది. మిగిలిన వేళ్ళు పై తీగలపై ఒక చిన్న పల్లవిని మరల మరల, ప్రతిసారి కొద్ది మార్పుతో వాయిస్తాయి. గాత్రము ఈ పల్లవి వెంటనే సాగుతుంది, కొన్ని చోట్ల దానికి ఎదురుగా నడుస్తుంది.

మొదటిసారి వినేవారికి ఇది మార్పు లేని సంగీతము వలె తోచవచ్చును. కొంతసేపు విన్న పిమ్మట లయలోని చిన్న చిన్న తేడాలు తెలియవస్తాయి. ఈ సంగీతము కుర్చీలలో కూర్చొని వినేవారి కొరకు గాక, గంటల తరబడి నృత్యము చేసేవారి కొరకు ఏర్పడినది. "రాత్రంతా" అను అర్థము గల ఆల్బం పేరు ఈ విధముగా కూడా తగియున్నది.

ముఖ్యమైన పాటలు

* ఆల్ నైట్ లాంగ్: ఆల్బమునకు పేరు నిచ్చిన పాట. కింబ్రో చాలాకాలముగా పాడుతూ వచ్చినది.
* మీట్ మీ ఇన్ ది సిటీ: మధురమైన గిటారు వరుస గల ప్రేమగీతము. ఇతని రచనలలో ఉత్తమమైన వానిలో ఒకటిగా పరిగణించబడుతున్నది.
* డన్ గాట్ ఓల్డ్: వృద్ధాప్యము వలన శరీరము పూర్వము వలె సహకరించక పోవడము దీని విషయము. అరవై ఏళ్ళు దాటిన తరువాత మొదటి ఆల్బం చేస్తున్న గాయకుని నోట ఈ పాట ప్రత్యేకమైన అర్థమును సంతరించుకున్నది.
* డూ ది రంప్: నృత్యము కొరకు ఉద్దేశించిన పాట.
* యూ బెటర్ రన్: ఒక స్త్రీపై జరుగబోయిన అత్యాచారమును కథగా చెప్పే పాట. ఇందలి విషయము వినేవారికి ఇబ్బంది కలిగించేదిగా ఉన్నది.

ఆదరణ

ఈ ఆల్బం అమ్మకాలలో సంచలనము కలిగించలేదు గాని, విమర్శకుల ప్రశంసలు పొందినది. రోలింగ్ స్టోన్ పత్రిక దీనికి నాలుగు నక్షత్రాల స్థాయి నిచ్చినది. 1966లో "పల్లెటూరి ధోరణి" అను కారణముపై తిరస్కరింపబడిన లక్షణమే ఇప్పుడు ఆల్బం యొక్క ప్రధానమైన గుణముగా కొనియాడబడినది. పేరు పొందిన రాక్ సంగీతకారులు చులహోమాకు రావడము మొదలైనది. 1996లో ఇగ్గీ పాప్ కచేరీ యాత్రలో కింబ్రో ప్రారంభ గాయకునిగా పాల్గొన్నాడు. అయినప్పటికీ ఇతడు తన ఊరిని, జ్యూక్ జాయింట్‌ను విడిచిపెట్టలేదు.

తరువాతి కాలము

ఈ ఆల్బం తరువాత కింబ్రో కొద్ది సంవత్సరాలు మాత్రమే జీవించాడు. 1998 జనవరి 17న హోలీ స్ప్రింగ్స్‌లో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 67 సంవత్సరాలు. అనంతరము ఇతని కుమారులు జూనియర్స్ ప్లేస్‌ను కొనసాగించారు. 2000 ఏప్రిల్‌లో జరిగిన అగ్నిప్రమాదములో ఆ కట్టడము పూర్తిగా కాలిపోయినది. కావున ఆ గదిలో కింబ్రో సంగీతము ఏ విధముగా ధ్వనించేదో తెలుసుకొనుటకు ఈ ఆల్బం ఒక ముఖ్యమైన ఆధారముగా మిగిలినది.

ప్రభావము

* బడ్డీ గై 2001లో విడుదల చేసిన "స్వీట్ టీ" ఆల్బం "డన్ గాట్ ఓల్డ్" పాటతోనే ప్రారంభమవుతుంది. "స్టే ఆల్ నైట్" కూడా ఇందులో కలదు.
* 2005లో ఫ్యాట్ పాసమ్ సంస్థ వివిధ రాక్ బృందాలు పాడిన కింబ్రో పాటలను "సండే నైట్స్" అను పేరున విడుదల చేసినది.
* ఒహాయో రాష్ట్రానికి చెందిన ద బ్లాక్ కీస్ బృందము 2006లో పూర్తిగా కింబ్రో పాటలతో కూడిన రికార్డును "చులహోమా" అను పేరున వెలువరించినది. 2021లో వెలువడిన వీరి "డెల్టా క్రీమ్" ఆల్బములో కూడా కింబ్రో పాటలు ఉన్నవి.
* 2023లో కింబ్రో పేరు బ్లూస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చబడినది.

కింబ్రో ఇతర ఆల్బంలు

* శాడ్ డేస్, లోన్లీ నైట్స్ (1994)
* మోస్ట్ థింగ్స్ హావెంట్ వర్క్‌డ్ అవుట్ (1997)
* గాడ్ నోస్ ఐ ట్రైడ్ (1998, మరణానంతరము)
* ఫస్ట్ రికార్డింగ్స్ (2009, 1966 నాటి రికార్డింగులు)