మిడి సంగీత ఫైలు

మిడి సంగీత ఫైలు అనగా ధ్వనిని గాక, ఆ ధ్వనిని పలికించుటకు వాద్యమునకు ఇవ్వవలసిన ఆదేశములను వరుసగా భద్రపరచిన కంప్యూటరు ఫైలు. "మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్" అను ఆంగ్ల పదబంధమునకు పొట్టి పేరు మిడి. ఈ ఫైళ్ళ పేర్లు సాధారణంగా ".మిడ్" అని ముగుస్తాయి. ఇందులో ధ్వని ఉండదు కనుక, ఆదేశాలను చదివి ధ్వనిగా మార్చే సింథసైజరు ఒకటి అవసరం. టిమిడిటీ, ఫ్లూయిడ్‌సింత్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్టువేర్లతో ఈ పనిని సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటరులోనే ఖర్చు లేకుండా చేసుకోవచ్చును.

ధ్వనికి, ఆదేశమునకు భేదము

పాటను రికార్డు చేసిన ఫైలుకు, మిడి ఫైలుకు గల భేదము కచేరీకి, స్వరలిపి పుస్తకమునకు గల భేదము వంటిది. పుస్తకమును ఏ విద్వాంసుడు ఏ వాద్యముపై వాయించిన, ఆ నాదమే వినిపించును. అట్లే ఒకే మిడి ఫైలు ఒక కంప్యూటరులో ఇంపుగాను, మరొకదానిలో బొమ్మ పియానో వలెను పలుకవచ్చును. లోపము ఫైలులో లేదు; వాయించు సింథసైజరులో ఉన్నది.

పరిమాణములో కూడా భేదము చాలా ఎక్కువ. సీడీ నాణ్యత గల ధ్వనికి సెకనుకు 1,76,400 బైట్లు కావలెను. అనగా మూడు నిమిషాల పాటకు సుమారు 3 కోట్ల 17 లక్షల బైట్లు. మిడి ఫైలులో ఒక స్వరమును మొదలుపెట్టుటకు ఒక ఆదేశము, ఆపుటకు మరొకటి ఉంటాయి. ఒక్కొక్క ఆదేశమునకు సుమారు నాలుగు బైట్లు అనుకొనిన, వేయి స్వరముల పాట ఎనిమిది వేల బైట్లలో ఇమిడిపోవును.

చరిత్ర

1980 ప్రాంతములో ఒక కంపెనీ కీబోర్డుతో మరొక కంపెనీ కీబోర్డును కలిపి వాయించుటకు ఉమ్మడి పద్ధతి లేదు. అమెరికాలోని సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీకి చెందిన డేవ్ స్మిత్, జపానులోని రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కాకెహాషి ఈ కొరతను తీర్చుటకు కృషి చేసిన వారిలో ముఖ్యులు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన సంగీత వాద్యముల ప్రదర్శనలో ఈ రెండు కంపెనీల కీబోర్డులను తీగతో కలిపి వాయించి చూపారు. అదే సంవత్సరము మిడి 1.0 ప్రమాణము వెలువడినది. 1991లో వచ్చిన "జనరల్ మిడి" ప్రమాణము 128 వాద్యములకు వరుస సంఖ్యలను నిర్ణయించినది. వీరిద్దరికి 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారము లభించినది. మిడి 2.0 ప్రమాణము 2020లో వచ్చినది.

ఫైలులో ఉండు విషయములు

* స్వరము: ప్రతి స్వరమునకు 0 నుండి 127 వరకు ఒక సంఖ్య. పియానో నడిమి "సి" మెట్టు సంఖ్య 60.
* బలము: మెట్టును ఎంత గట్టిగా నొక్కినది తెలుపు సంఖ్య.
* చానెలు: ఒకేసారి 16 చానెళ్ళు నడుచును. జనరల్ మిడిలో పదవ చానెలు తాళవాద్యములకు కేటాయించబడినది.
* వాద్యము: వయొలిన్ 41, వేణువు 74, సితారు 105, షెహనాయి 112. కొన్ని సాఫ్టువేర్లు సున్న నుండి లెక్కించుటచే ఈ సంఖ్యలు ఒకటి తగ్గి కనబడును. వీణ, మృదంగము ఈ పట్టికలో లేవు.
* కాలము: ఒక ఆదేశమునకు, తరువాతి దానికి మధ్య గల ఎడము. దీనిని "టిక్కు"లలో కొలుస్తారు.

ఉదాహరణ: మాయామాళవగౌళ

షడ్జమమును 60గా తీసుకొనిన, సంగీత విద్యార్థులు మొదట నేర్చు మాయామాళవగౌళ రాగపు ఆరోహణ ఇట్లుండును: స 60, రి 61, గ 64, మ 65, ప 67, ద 68, ని 71, పై స 72. శ్రుతి మార్చుటకు అన్నిటికి ఒకే సంఖ్యను కలిపిన చాలును. రెండు కలిపినచో షడ్జమము 62 అగును; రాగము మారదు.

ఉదాహరణ: ముత్యాల సరము

నాటి విశాఖ మండలములోని ఎస్. రాయవరములో జన్మించిన గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ముత్యాల సరముల నడక కాలగణనకు చక్కని ఉదాహరణ. మొదటి మూడు పాదములలో ఒక్కొక్కదానికి 3, 4, 3, 4 చొప్పున 14 మాత్రలు. నాలుగవ పాదము నిడివి మారవచ్చును. మాత్రకు 240 టిక్కులు అనుకొనిన, ఏడు మాత్రలకు 1,680, పాదమునకు 3,360 టిక్కులు అగును. మాత్రకు పావు సెకను చొప్పున పాదము మూడున్నర సెకన్లలో ముగియును. వేగము మార్చవలెనన్న ఒక్క సంఖ్యను మార్చిన చాలును, శ్రుతి చెక్కుచెదరదు.

వినిపించు సాఫ్టువేర్లు

* టిమిడిటీ: ఫిన్లాండుకు చెందిన తూక్కా తోయివోనెన్ మొదట వ్రాసినది. తరువాత జపానుకు చెందిన మసనావో ఇజుమో మొదలగువారు "టిమిడిటీ++"గా పెంచారు. మిడి ఫైలును వేవ్ ఫైలుగా కూడా మార్చును.
* ఫ్లూయిడ్‌సింత్: "సౌండ్‌ఫాంట్" అను ధ్వని భాండారమును ఆధారము చేసుకొని పలికించును. బటన్లతో వాడదలచినవారికి క్యూసింత్ అనుకూలము.
* వీఎల్‌సీ: ఫ్లూయిడ్‌సింత్ భాగము, సౌండ్‌ఫాంటు అమర్చినచో మిడి ఫైళ్ళను కూడా వినిపించును.
* మ్యూజ్‌స్కోర్: మిడి ఫైలును పాశ్చాత్య స్వరలిపిగా చూపుచు వినిపించును.
* రోజ్‌గార్డెన్, ఎల్ఎంఎంఎస్: కొత్త రచనలు కూర్చుటకు, ఉన్నవాటిని సవరించుటకు ఉపయోగపడును.

సౌండ్‌ఫాంటులో అసలు వాద్యముల నుండి రికార్డు చేసిన నాదపు తునకలు ఉంటాయి. వీటిలో ఫ్రాంక్ వెన్ రూపొందించిన "ఫ్లూయిడ్ ఆర్3" ప్రసిద్ధమైనది, ఉచితముగా పంచుకొనదగినది. పాలీఫోన్ అను ఓపెన్ సోర్స్ సాఫ్టువేరుతో, వీణ మీటులను రికార్డు చేసి సొంత సౌండ్‌ఫాంటు తయారు చేసుకొనవచ్చును.

శబ్దము వినబడనప్పుడు

లినక్సులో ఫైలు నడుచుచున్నట్లు కనబడి శబ్దము రాకున్నచో, సౌండ్‌ఫాంటు లేకపోవుటయో, ఫైలును వినిపించు సాఫ్టువేరు సింథసైజరుకు కలుపబడకపోవుటయో తరచుగా కారణమగును. ముందుగా ఫ్లూయిడ్‌సింతును, సౌండ్‌ఫాంటును స్థాపించి, క్యూసింతులో ఆ సౌండ్‌ఫాంటును ఎంచుకొనవలెను. తరువాత ఫైలును వినిపించు సాఫ్టువేరు అమరికలలో ఫ్లూయిడ్‌సింతును గమ్యముగా చూపవలెను. విండోసులో మైక్రోసాఫ్ట్ వారి సింథసైజరు ముందే ఉండుటచే శబ్దము వచ్చును గాని, నాదము నాసిగా ఉండును.

కర్ణాటక సంగీతము: పరిమితులు

మిడి స్వరసంఖ్యలు పియానో మెట్లను అనుసరించి స్థాయిని పన్నెండు సమభాగములు చేయును. సహజమైన అంతర గాంధారము షడ్జమమునకు 1.25 రెట్లు కాగా, 64వ మెట్టు సుమారు 1.26 రెట్లు పలుకును. తంబురా వినిన చెవికి ఈ భేదము తెలియును. మెట్టుకు, మెట్టుకు మధ్య జారుట లేకున్న తోడి వంటి రాగముల స్వరూపమే కనబడదు. హార్మోనియము విషయములో ఇట్టి ఆక్షేపణయే వచ్చి, 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించినది. ఆ నిషేధము 1971 వరకు సాగినది. అయినను తెలుగు పద్యనాటక రంగములో హార్మోనియము నిలిచినది.

అయితే హార్మోనియమునకు లేని ఒక సౌకర్యము మిడికి ఉన్నది. "పిచ్ బెండ్" అను ఆదేశముతో స్వరమును పైకి, క్రిందికి వంచవచ్చును. దీనికి 0 నుండి 16,383 వరకు మెట్లున్నవి, 8,192 మధ్యస్థానము. సాధారణ అమరికలో రెండు అర్ధస్వరముల మేర ఇరువైపులా వంగును. పై గాంధారమును సరిచేయుటకు మధ్యస్థానము నుండి సుమారు 561 మెట్లు తగ్గించిన చాలును. కంపితము వంటి గమకమునకు ఇట్టి ఆదేశములు అనేకము వరుసగా ఇవ్వవలెను. వంపు ఆ చానెలులోని స్వరములన్నిటికి వర్తించును గనుక, తంబురా శ్రుతిని వేరొక చానెలులో ఉంచవలెను. లేనిచో శ్రుతి కూడా వణకును.

కావున స్వరస్థానములు గుర్తించుట, తాళము తప్పక అభ్యసించుట, శ్రుతి మార్చి సరళీ వరుసలు సాధన చేయుట వంటి వాటికి మిడి ఫైళ్ళు విద్యార్థులకు బాగుగా ఉపకరించును. గమకమును మాత్రము గురుముఖమున నేర్చుకొనుటయే మేలు. ఫైలులో ఎవరో వంపును లెక్కగట్టి వ్రాయనంతవరకు అది వినబడదు.

ఇవి కూడా చూడండి

* స్వరలిపి
* గమకము
* హార్మోనియం
* మేళకర్త రాగములు
* లినక్సు