కొరియా వేకువ ప్రార్థన

దక్షిణ కొరియాలో వేకువ ప్రార్థన పండక్కో వ్రతానికో చేసుకునేది కాదు, ఏడాది పొడవునా ఉంటుంది. తెల్లవారుజామున ఐదు కాకముందే ప్రొటెస్టెంట్ చర్చిల్లో దీపాలు వెలుగుతాయి. మైనస్ పది డిగ్రీల చలిలోనూ మా వీధి ముసలమ్మలు మఫ్లర్లు చుట్టుకుని బయల్దేరతారు. ఒక పాట, కాస్త వాక్యం, ఆపైన ఎవరి మొర వాళ్ళది. అందరూ ఒక్కసారే గొంతెత్తుతారు. కొత్తవాళ్ళు బయటినుంచి వింటే లోపల ఏదో గొడవ అనుకుంటారు.

ఇది మిషనరీలు నేర్పిన అలవాటనుకుంటే పొరపాటే. ఎక్కువగా వినిపించే పేరు గిల్ సన్‌జుది. ప్యాంగ్యాంగ్‌లోని జాంగ్‌దేహ్యోన్ చర్చి పెద్ద ఆయన. 1907లో పాస్టర్లయిన తొలి ఏడుగురు కొరియా ప్రెస్బిటేరియన్లలో ఒకరు. క్రైస్తవం పుచ్చుకోకముందు తావో సాధన చేసినవాడు, వేకువ ధ్యానం ఆయనకి కొత్త కాదు. 1906లో, సాటి సంఘ పెద్ద పాక్ చిరోక్‌తో కలిసి దీన్ని మొదలుపెట్టాడని చర్చిల్లో చెప్పుకుంటారు. కాదు, 1909 అనే చరిత్రకారులూ ఉన్నారు. ఆ తగవు వాళ్ళకే వదిలేద్దాం. ఏ సంఘమూ పుట్టకముందే ఇక్కడి తల్లులు చీకటితో లేచి బావిలో తొలి నీళ్ళు తోడేవారు. పెరట్లో జాడీలుండే గట్టు మీద గిన్నెడు నీళ్ళు పెట్టి, బిడ్డల కోసం చేతులు జోడించేవారు. బౌద్ధ మఠాల్లో తొలి పూజా ఆ వేళకే. ధనుర్మాసం ఎరిగిన మనవాళ్ళకి ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు.

పైగా అవి దేశం చేజారిపోతున్న రోజులు. 1905లో జపాన్ కొరియాని తన రక్షిత రాజ్యం చేసుకుంది, 1910లో పూర్తిగా కలిపేసుకుంది. కొరియన్లు తమ భాషలో, తమవాళ్ళతో గుమిగూడి ఏడవగలిగిన కొద్ది చోట్లలో చర్చి ఒకటి. 1919 మార్చి 1 స్వాతంత్ర్య ప్రకటన మీద పేర్లున్న 33 మందిలో 16 మంది క్రైస్తవులే, వారిలో గిల్ ఒకరు.

కొరియా విభజన, ఆపైన 1950 యుద్ధం. దక్షిణానికి పారిపోయి వచ్చిన ఉత్తరాది క్రైస్తవులు ఈ అలవాటుని గట్టిగా పట్టుకున్నారు. తర్వాత దశాబ్దాలపాటు అర్ధరాత్రి నుంచి నాలుగింటిదాకా కర్ఫ్యూ. దాన్ని ఎత్తేసింది 1982 జనవరిలోనే. అంతదాకా నాలుగు కొట్టాకే భక్తులు గడప దాటేవారు.

తెలుగు క్రైస్తవులకీ ఒక వేకువ ఉంది. 1854 జనవరి 1న మిషనరీ లైమన్ జువెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి సూర్యోదయ వేళ ప్రార్థించారు. ఆ కొండని ఇప్పటికీ ఆ ప్రార్థనతోనే గుర్తుపెట్టుకుంటారు. కొరియా వాళ్ళు మాత్రం వేకువని దినచర్యలో కలిపేసుకున్నారు.

ఇప్పుడు బెంచీల మీద తలలన్నీ నెరిసినవే. రాత్రి పదింటిదాకా ఆఫీసులో ఉండే కుర్రాణ్ణి నాలుగున్నరకి లెమ్మనడం కష్టమే. ఇక ప్యాంగ్యాంగ్‌లో జాంగ్‌దేహ్యోన్ చర్చి లేదు. ఆ గుట్ట మీద ఉత్తర కొరియా ప్రభుత్వం కట్టిన బాలల భవనం ఉంది.