నర్తకుడును కెమెరాయును

జాయపసేనాని నృత్తరత్నావళిని రచించి 750 ఏండ్లు దాటినవి. చారీకరణముల లక్షణములును, దేశినృత్తముల పేర్లును అందు విపులముగా నున్నవి. పాలంపేటలోని రామప్పగుడి 1213వ సంవత్సరమునాటిది. దాని నర్తకీమూర్తులను చూచి మెచ్చనివారు లేరు. గ్రంథమును శిల్పమును ఒకచోట జేర్చి చూచినను కాకతీయుల కాలపు నృత్తము మనకు సంపూర్ణముగా దొరకదు. గ్రంథము పేరు చెప్పును. శిల్పము ఒక్క క్షణమును నిలుపును. ఒక భంగిమనుండి మరియొక భంగిమకు దేహము పోవు దారి మాత్రము రెంటికిని చిక్కలేదు. నృత్తమనగా ఆ దారియే గదా!

చలనచిత్రము పుట్టినపుడు ఈ లోటు తీరుననియే తోచెను. 1890 ప్రాంతపు దశకమున అమెరికాలో ఎడిసన్ సంస్థవారు ఆనబెల్ అను నర్తకి వెడల్పాటి వస్త్రములను సుడులుగా త్రిప్పుచు ఆడిన ఆటను చిత్రించిరి. కొన్ని ప్రతులకు చేతితో రంగులు కూడ వేసిరి. మన తెలుగున 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన రైతుబిడ్డలో వేదాంతం రాఘవయ్యగారి కూచిపూడి నాట్యము చేరినది. అట్టివానికి మనము కృతజ్ఞులము. అయినను వీనియందు కెమెరా మొదటి వరుసలో కూర్చున్న ప్రేక్షకునివంటిది. ఆట రంగస్థలముది, యంత్రము దానికి సాక్షి మాత్రమే. సాక్షి లేచి తానును ఆటలో చేరినచో ఏమగును?

ఈ ప్రశ్నకు సూటియైన జవాబు 1945లో అమెరికాలో వచ్చినది. మాయా డెరెన్ అను వనిత 1917లో కీవ్ నగరమున జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులతో అమెరికా చేరిరి. కేథరిన్ డన్‌హామ్ అను ప్రఖ్యాత నర్తకికి కొంతకాలము కార్యదర్శినిగా నుండిరి. 1943లో భర్త అలెగ్జాండర్ హామిడ్‌తో కలిసి మొదటి చిత్రమును తీసిరి. వారి సాధనము 16 మిల్లీమీటర్ల ఫిల్ము నడచు చిన్న కెమెరా. స్టూడియో లేదు, సేవకులు లేరు. 1945లో డన్‌హామ్ బృందమున ఆడిన టాలీ బీటీ అను నల్లజాతి నర్తకునితో ఆమె తీసిన చిత్రము నాలుగు నిమిషములకు మించదు. మాట లేదు, సంగీతము లేదు. దాని పేరును తెలుగున చెప్పవలెనన్న "కెమెరాకొఱకు నృత్యరచన: ఒక అభ్యాసము" అనవచ్చును.

అందు జరుగునది ఇంతే. బీటీ అడవిలో చెట్ల నడుమ నిలిచి మెల్లగా కాలెత్తును. ఆ పాదము దిగునది అడవిలో కాదు, ఒక గృహములోని గదియందు. గదినుండి సాగిన కదలిక న్యూయార్కులోని గొప్ప మ్యూజియమున, ఈజిప్టు విగ్రహముల విశాలమైన శాలలో కొనసాగును. అడుగు తెగలేదు, చోటు మాత్రము మారినది. పిమ్మట భ్రమరి: తల మాత్రమే కనబడును, వెనుక బహుముఖమైన విగ్రహ మొకటి యుండును. మొదట కలలోవలె మెల్లగా తిరిగిన శిరస్సు క్రమముగా వేగమెక్కి చివరకు యంత్రపు చక్రమువలె గిరగిర తిరుగును. ఇందలి కిటుకు సులభము. కెమెరాను వేగముగా త్రిప్పి తీసినది తెరపై మెల్లగా కనబడును. మెల్లగా త్రిప్పి తీసినది వేగముగా కనబడును. ఆ త్రిప్పుటను నడుమ ఎక్కడను ఆపక మార్చుచు పోయినచో, నర్తకుని దేహమునకు సాధ్యము కాని కాలగతి తెరపై పుట్టును.

కడపట ఉత్ప్లవనము. రంగస్థలముపై ఎంతటి నర్తకుడైనను ఎగిరి సెకనులోపల నేల తాకవలసినదే. ఇక్కడ లేచుట, సాగుట, దిగుట వేర్వేరుగా తీసి అతికినారు; ఆ ఒక్క గంతు తెరపై అరనిమిషమునకు దగ్గరగా నిలుచును. ఆ పిమ్మట బీటీ నది కనబడు ఎత్తైన చోట దిగి మోకాళ్లు వంచి నిలుచును. భ్రమరి, ఉత్ప్లవనము అను ఈ పేర్లు నందికేశ్వరుని అభినయదర్పణమునందే గలవు. ఎన్ని విధములో లెక్కయును గలదు. కాని ఈ గంతు ఏ లక్షణగ్రంథమున చేరగలదు? దీనిని ఆడినవాడు నర్తకు డొక్కడే యనరాదు. డెరెన్ దీనిని ఇద్దరి నృత్యముగా భావించిరి. మా దృష్టిలో ఇది అతిశయోక్తి గాదు. చిత్రము చూచినవారికి రెండవ నర్తకు డెవరో తెలియును.

ఇంతవరకు చాలమంది వ్రాసినదే. మేము ముఖ్యముగా చెప్పదలచినది తరువాతి కథ. నాలుగు నిమిషముల మూగచిత్రమును కొను వర్తకు డెవడు? డెరెన్ వర్తకుని ద్వారమున నిలువలేదు. 1946 ఫిబ్రవరి 18న న్యూయార్కులోని ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్ అను చిన్న నాటకశాలను తామే తీసికొని తమ మూడు చిత్రములను ప్రదర్శించిరి. జనము పోటెత్తిరి. కళాశాలలకు, మ్యూజియములకు ప్రతులను అద్దె కిచ్చుచు, తామే వెళ్లి ఉపన్యసించుచు, కరపత్రములు వ్రాయుచు తిరిగిరి. ఆ ఏడాదియే గుగ్గెన్‌హైమ్ సంస్థ వేతన మొసగినది. ఆ ప్రదర్శనల స్ఫూర్తితో ఆమోస్ వోగెల్ 1947లో "సినిమా 16" అను చిత్రసమాజమును స్థాపించి, మొదటి ప్రదర్శనలు ఆ నాటకశాలయందే జరిపెను. చిత్రము తీయుట సగము పని. దానికి తెర సంపాదించుట మిగిలిన సగము. ఈ రెండవ సగమును కళాకారులు తమ పనిగా తలపరు. మన దేశమున మరియును తలపరు.

ఆ సంవత్సరములలోనే మద్రాసులో ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్ద ప్రయత్నము జరిగినది. ఉదయశంకర్‌గారు లండనులో చిత్రలేఖనము నేర్చి, 1923లో ఆనా పావ్లోవాతో కలిసి ఆడి, అల్మోరాలో నాట్యకేంద్రము నెలకొల్పిరి. అక్కడ కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యమునకు కందప్ప పిళ్ల, మణిపురికి అమోబీ సింగ్ గురువులు. 1944లో ఆ కేంద్రము మూతపడెను. అప్పుడు ఉదయశంకర్‌గారు మద్రాసు చేరి, జెమినీ స్టూడియోలో "కల్పన" చిత్రమును నిర్మించి 1948లో విడుదల చేసిరి. భార్య అమలాశంకర్ నాయిక. ఒక రచయిత తన నాట్యకథను చిత్రనిర్మాతకు వినిపించుటతో ఆరంభమై, ఆ నిర్మాత దానిని త్రోసిపుచ్చుటతో ముగియును. శ్రామికులు యంత్రభాగములుగా మారిపోవు నృత్యమును, నీడలును, ఒకదానిపై నొకటి పరచిన బింబములును నేటికిని చూపరులను నిలవేయును. చిత్రము నిడివి ఎక్కువ. ఉపన్యాసపు పాలు అధికము. ఈ మాట దాచనక్కరలేదు. అయినను నాట్యమే భాషగా నింత పెద్ద చిత్రమును తీయుటకు మన దేశమున అంతకుముందు సాహసించినవా రెవరు?

ధనము రాలేదు. అదే స్టూడియోనుండి అదే ఏట వెలువడిన చంద్రలేఖ, దాని డోళ్ల నృత్యముతో దేశమంతట మార్మోగినది. కల్పనకు సాధారణ సినిమాశాల తప్ప వేరొక తెర లేకపోయెను. కలకత్తా ఫిల్ము సొసైటీ 1947లో నప్పుడే పుట్టినది. తక్కిన పట్టణములలో నట్టివి ఏర్పడుటకు చాలకాలము పట్టెను. అభిరుచి లేక కల్పన ఓడినదని చెప్పువారున్నారు. మేము అంగీకరింపము. అభిరుచి గలవారు కూర్చుండుటకు చోటు లేక ఓడినది.

చోటు కల్పించుట మనవారికి తెలియని విద్య కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములుంచి పల్లెపల్లెకు నడిపిరి. పుస్తకములు కొను శక్తి లేనివారికి పుస్తకమే ఎదురేగినది. నాట్యచిత్రములకు అట్టి పడవ నెవరును కట్టలేదు. నేడు కెమెరా లేని చేయి లేదు. మా బడి వార్షికోత్సవమున పిల్లలాడుచుండగా తలిదండ్రులు తలలపైకి ఫోనులెత్తి చిత్రించుచుందురు. ఆ చిత్రములను మరునాడు చూచువా రెందరు? మండల గ్రంథాలయమున ఒక గోడకు సున్నము వేసి, నెలకొక సాయంకాలము పదిమంది కూర్చుండి నాలుగు నిమిషముల చిత్రమును రెండుమారులు చూచి చర్చించుటకు అయ్యెడి వ్యయ మెంత?

డెరెన్ 1961లో, 44వ యేట మరణించిరి. వారి అభ్యాసచిత్రమును కళాశాలలు నేటికిని చూపుచున్నవి. కల్పన దశాబ్దములపాటు సామాన్యులకు దుర్లభమైనది. పుణెలోని జాతీయ చిత్రభాండాగారము భద్రపరచిన ప్రతులనుండి, మార్టిన్ స్కోర్సేసీ స్థాపించిన సంస్థవారు ఇటలీలోని బొలోన్యా నగరమున దానిని పునరుద్ధరించి, 2012 మే నెలలో ఫ్రాన్సులోని కాన్ ఉత్సవమున ప్రదర్శించిరి. అమలాశంకర్‌గారు స్వయముగా హాజరైరి. అప్పటికి వారికి 90 ఏండ్లు దాటినవి, చిత్రమునకు 64.