పట్టేసిన క్యాలిపర్: రేసు గెలిచిన బ్రేకు షెడ్డులో ఎందుకు ఓడిపోతుంది?

మన పెనుబల్లి నుంచి ఇంకో ఎపిసోడ్. ఈసారి టాపిక్ చిన్న పార్టు, కానీ దాని చరిత్ర పెద్దది. దాని పేరు బ్రేక్ క్యాలిపర్.

మన వైపు ఇది మామూలుగా జరిగేదే. అబ్బాయి చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్తాడు. బండి ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. వానాకాలమంతా అక్కడే. దసరాకి వచ్చి స్టాండు తీసి నెడితే ముందు చక్రం కదలదు. మెకానిక్ అన్న చూసి, "క్యాలిపర్ పట్టేసింది తమ్ముడూ" అంటాడు. ఇంగ్లండ్‌లో 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్ లాంటి పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ళు కూడా ఏళ్ళ తర్వాత షెడ్డు తలుపు తీస్తే ఇదే మాట వింటారు. కోట్ల కారుకీ మన బైకుకీ ఒకటే జబ్బు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు క్యాలిపర్ అంటే ఏంటో చూద్దాం. చక్రంతో పాటు ఒక ఇనుప పళ్ళెం తిరుగుతుంది, అది డిస్క్. దాన్ని రెండు వైపుల నుంచి రెండు ప్యాడ్‌లు పట్టుకుంటాయి. ఆ ప్యాడ్‌లని నొక్కే పిడికిలి లాంటిదే క్యాలిపర్. లోపల పిస్టన్, వెనక బ్రేక్ ఆయిల్. మీరు లివర్ నొక్కితే ఆయిల్ పిస్టన్‌ని తోస్తుంది. స్కూల్లో చదివిన పాస్కల్ సూత్రం ఇదే.

మరి వదిలితే పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? అక్కడ స్ప్రింగ్ ఏమీ లేదు. పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీల్ ఉంటుంది. నొక్కినప్పుడు అది కాస్త మెలితిరుగుతుంది, వదలగానే తన ఆకారంలోకి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. అంతే. ఆ వెంట్రుకవాసి పోతే బ్రేకు పట్టేసినట్టే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు చరిత్ర. డిస్క్ బ్రేకుకి 1902లో పేటెంట్ తీసుకున్నది ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. ఐడియా కరెక్టే, కానీ ప్యాడ్ దగ్గర రాగి వాడాడు. లోహం మీద లోహం రాసుకుని చెవులు పగిలే చప్పుడు. దాంతో లోకం డ్రమ్ బ్రేకు వైపు వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో బ్రేకు అంటే ఎంత తేలిగ్గా చూసేవాళ్ళో తెలియాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ ఉంది. అంత రాజసం ఉన్న బండికి ముందు చక్రాలకి బ్రేకే లేదు. ఆ మోడల్‌కి ముందు బ్రేకులు వచ్చింది 1923 చివర్లో.

డ్రమ్‌కి ఒక పెద్ద లోపం ఉంది. రాపిడి అంతా మూసిన డబ్బా లోపల జరుగుతుంది, వేడి బయటికి పోదు. ఘాట్ రోడ్డు దిగే లారీని అడగండి, చెప్తుంది. నొక్కుతూ పోతే ఒక దశలో బ్రేకు పట్టు తగ్గిపోతుంది. డిస్క్ అయితే గాలిలోనే తిరుగుతుంది కాబట్టి తొందరగా చల్లారుతుంది. బరువైన విమానాలు దిగేటప్పుడు ఇది బాగా పనికొచ్చింది. ఆ అనుభవంతో డన్‌లప్ కంపెనీ, జాగ్వార్ కంపెనీ కలిసి దాన్ని కారుకి బిగించే పనిలో పడ్డాయి. 1952లో ఇటలీలో జరిగిన మిల్లే మిలియా రేసులో స్టిర్లింగ్ మాస్ డ్రైవరుగా, టెస్ట్ ఇంజనీరు నార్మన్ డూయిస్ పక్కన కూర్చుని, డిస్క్ బ్రేకులున్న సీ-టైప్‌ని పరిగెత్తించారు. ఆ రేసుని వాళ్ళు పూర్తి చేయలేకపోయారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో మాస్ అలాంటి కారుతోనే గెలిచాడు.

అసలు దెబ్బ 1953లో, ఫ్రాన్స్‌లోని ల మాన్స్ 24 గంటల రేసులో. అక్కడ దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని రోడ్డు, దాని చివర గట్టి మలుపు. డ్రమ్ బ్రేకులవాళ్ళు చాలా ముందే నొక్కాలి. జాగ్వార్ వాళ్ళు ఇంకా లోపలిదాకా వెళ్ళి నొక్కేవాళ్ళు. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ గెలిచారు. సగటు వేగం గంటకి సుమారు 170 కిలోమీటర్లు. ఆ రేసులో సగటు 100 మైళ్ళు దాటడం అదే మొదటిసారి.

తర్వాత వరస కట్టాయి. 1955లో సిట్రోయెన్ డీఎస్, 1956లో ట్రయంఫ్ టీఆర్3, 1961లో ఈ-టైప్, 1969లో హోండా సీబీ750 బైకు. మన దేశంలో 1999 సీబీజెడ్, 2001 పల్సర్ లాంటి బైకులతో కుర్రాళ్ళ నోట్లో డిస్క్ అనే మాట నానింది.

అంటే వేడిని గెలవడానికి 50 ఏళ్ళు పట్టింది. మరి షెడ్డులో ఓడించేది ఎవరు? నీళ్ళు. మనం వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని రూల్. తేమ పట్టాక అది 140కి పడినా రూల్ ఒప్పుకుంటుంది. ఆ తేమ ఇనుముని తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. సీల్ కూర్చునే గాడిలో అది పెరిగితే పిస్టన్‌ని బిగించేస్తుంది. బయటి నుంచి మట్టి, వాన నీళ్ళు ఇంకో వైపు. రేసు కారుకి ఈ గొడవ లేదు, దాన్ని రేసు రేసుకీ విప్పుతారు. నిలబెట్టిన బండికే ఈ జబ్బు.

ఇప్పుడు రిపేరు. నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ణి కదా, అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం: ముందు తప్పు ఎక్కడుందో పట్టుకో, తర్వాత విప్పు. ఇక్కడా అంతే. క్యాలిపర్ మీదుండే చిన్న బ్లీడ్ నిపుల్ వదులు చెయ్యండి. చక్రం ఫ్రీ అయితే లోపల ప్రెషర్ ఆగిపోయింది, తప్పు హోస్‌లోనో మాస్టర్ సిలిండర్‌లోనో ఉంది. పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వదు. అయినా కదలకపోతే పిస్టనో, క్యాలిపర్ జరిగే పిన్నులో పట్టేసినట్టు.

పిస్టన్ తీయడానికి సుత్తి వద్దు. హోస్ విప్పకముందే, ప్యాడ్‌లు తీసేసి, బ్రేకు నొక్కుతూ ఆయిల్ ప్రెషర్‌తోనే బయటికి తెప్పించాలి. కంప్రెసర్ గాలి పెడితే పిస్టన్ తూటాలా వస్తుంది, ఎదురుగా చెయ్యి ఉంటే వేళ్ళు పోతాయి. పాత కారైతే ఇంకో జాగ్రత్త: అప్పటి ప్యాడ్‌లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడిని గాలితో ఊదకూడదు. ఈ-టైప్‌లో అయితే వెనక డిస్కులు చక్రాల దగ్గర కాదు, మధ్యలో డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. అందుకే వాటి క్యాలిపర్ కోసం చాలామంది వెనక భాగం మొత్తం ఫ్రేముతో కిందికి దించుతారు.

బయటికొచ్చాక పిస్టన్ మీద గుంటలుంటే అది పారేయాల్సిందే. పాత కార్లవాళ్ళు తుప్పు పట్టని స్టీలు పిస్టన్ వేయించుకుంటారు. సీల్స్ ఎప్పుడూ కొత్తవే. వాటిని పెట్రోలుతో కడగొద్దు, ఇంజన్ ఆయిల్ రాయొద్దు, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. తాజా బ్రేక్ ఆయిల్‌తో తడిపి ఎక్కించాలి. సీల్ గాడి బాగా తినేసినా, బాడీకి పగులున్నా రిపేరు మాట మర్చిపోండి, మొత్తం మార్చాలి.

చివరిగా అసలు విషయం. బిగుసుకుంది కదా అని క్యాలిపర్ తీసి పక్కన పెట్టి, వెనక బ్రేకుతో సత్తుపల్లి రోడ్డెక్కేవాళ్ళు ఉన్నారు. గట్టిగా ఆపేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది, బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. బొగ్గు లారీ ముందు సడన్‌గా ఆగితే ఆ తేడా ప్రాణమంత ఉంటుంది. దానికి మందు చాలా చవక: రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్చండి, ఊరెళ్తుంటే ఇంట్లోవాళ్ళకి చెప్పి వారానికోసారి బండి కదిలించి బ్రేకు నొక్కించండి.

ఈ వీడియో అయ్యాక ఒక్క పని చెయ్యండి. బండి దగ్గరికెళ్ళి ముందు చక్రం లేపి చేత్తో తిప్పి చూడండి. కాస్త సన్నగా రాసుకున్న చప్పుడు వచ్చినా తేలిగ్గా తిరిగితే పర్లేదు. బరువుగా ఆగిపోతే మాత్రం రేపే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఉంటాను, మళ్ళీ కలుద్దాం.